ఆ ఒక్కరు ఎవరు?

"అమ్మా, మీ కాయితంలో మా ఊరి పక్కన ఒకటి అని ఉంది. ఆ ఒక్కరు ఎవరో కాస్త పేరు చెప్తావా?"

ఉద్యోగంలో చేరిన అయిదో నెలలో నాకొచ్చిన ఫోన్ ఇది. చేసినావిడ మా క్లయింట్ సంస్థ తరఫున ఊళ్లలో తిరిగే ఫీల్డ్ కోఆర్డినేటర్. ఆ సంస్థ పల్లెల్లో కంటి క్యాంపులు పెట్టేది. శుక్లాలు ఉన్నాయని తేలినవాళ్లను వ్యాన్‌లో పట్నం తీసుకెళ్లి ఆపరేషన్ చేయించేది. ఆ లెక్కలన్నీ మా కంపెనీ డేటాబేస్‌లో ఉండేవి. నెలనెలా రిపోర్ట్ తీసే పని నాది.

"రెండ్రోజుల నుంచీ ఇంటింటికీ తిరుగుతున్నా. ఆపరేషన్ అయిందన్న మనిషి ఒక్కరూ కనపళ్లేదు. అయినవాళ్లు కంట్లో చుక్కలు వేసుకోవాలి కదా, మానేస్తే కష్టం. పేరు చెప్తే వెళ్లి చూసొస్తా" అంది.

"ఒక్క నిమిషమండీ" అని ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఆ ఊరి లిస్టు తీశాను. లెక్క ఇచ్చిన క్వెరీనే కొద్దిగా మార్చి, ఎంతమందో కాకుండా ఎవరెవరో చూపించమన్నాను. స్క్రీన్ మీద ఒకే ఒక్క పేషెంట్ నంబర్ వచ్చింది.

సున్నా.

మా డేటాబేస్‌లో సున్నా నంబర్ పేషెంట్ ఎవరూ లేరు. ఆవిడ రెండ్రోజులుగా ఎండలో వెతుకుతున్నది నేను పుట్టించిన మనిషిని.

"చూసి మళ్లీ చేస్తానండీ" అని ఫోన్ పెట్టేశాను. చేతులు చల్లబడ్డాయి.

అసలు ఏం జరిగిందో చెప్తాను. ఎస్‌క్యూఎల్ రాసేవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యే విషయమే. రాయనివాళ్లకూ అర్థమవుతుంది, ఎందుకంటే ఇది లెక్కపెట్టడం గురించి.

మా టేబుల్‌లో ఒక్కో వరుస ఒక్కో సందర్శన. రిజిస్ట్రేషన్‌కి ఒక వరుస, కంటి పరీక్షకు ఒకటి, ఆపరేషన్‌కి ఒకటి, తర్వాత చూపించుకోవడానికి వస్తే ఇంకోటి. రెండు కళ్లకూ విడివిడిగా ఆపరేషన్ అయితే అవి రెండు వరుసలు. అంటే ఒకే మనిషి టేబుల్‌లో నాలుగయిదుసార్లు కనిపిస్తారు. వరుసలు లెక్కపెడితే ఎన్ని సందర్శనలో తెలుస్తుంది గానీ, ఎంతమంది మనుషులో తెలియదు.

ఈ తేడా మన భాషలో పుట్టుకతోనే ఉంది. వస్తువులైతే ఒకటి, రెండు, మూడు. మనుషులైతే ఒకరు, ఇద్దరు, ముగ్గురు. చిన్నప్పుడు "ఇంటికి రెండు చుట్టాలు వచ్చారు" అంటే మా అమ్మమ్మ "వాళ్లేమన్నా కుర్చీలా, ఇద్దరు అనాలి" అని దిద్దేది. మీ ఫోన్‌లోనూ ఇదే తేడా ఉంది. రీల్‌కి వచ్చిన వ్యూస్ ఎన్నిసార్లు చూశారన్న లెక్క. రీచ్ ఎంతమంది చూశారన్న లెక్క. మీ రీల్‌ని మీ తమ్ముడు పదిసార్లు చూస్తే వ్యూస్ పెరుగుతాయి, రీచ్‌లో మాత్రం వాడు ఒక్కడే.

ఎస్‌క్యూఎల్‌లో ఆ "మంది" లెక్కకు కౌంట్ లోపల డిస్టింక్ట్ అనే మాట చేర్చాలి. ఒకే విలువ ఎన్నిసార్లు వచ్చినా ఒకసారే లెక్కపెట్టు అని అర్థం.

నాకు కావాల్సింది అంతకంటే కొంచెం ఎక్కువ. ఒక్కో ఊరికి ఒక్కో లైన్, అందులో మూడు అంకెలు: క్యాంపుకి ఎంతమంది వచ్చారు, ఎంతమందికి శుక్లాలున్నాయి, ఎంతమందికి ఆపరేషన్ అయింది. మూడూ మనుషుల లెక్కలే. మూడింటికీ షరతులు వేరు.

మొదట తోచేది వేర్ పెట్టడం. ఆపరేషన్ అయిన వరుసలనే తీసుకుని, ఊరివారీగా లెక్కపెట్టమనడం. అలా చేస్తే అంకెలు సరిగ్గానే వస్తాయి. కానీ ఒక్క ఆపరేషన్ కూడా జరగని ఊరు రిపోర్ట్‌లోంచే మాయమైపోతుంది. దాని వరుసలన్నీ ముందే వడపోతలో పోయాయి కాబట్టి ఆ ఊరి పేరు కూడా మిగలదు. ఆ సంస్థ ఈ రిపోర్ట్ అడిగిందే ఆ ఊళ్ల కోసం. ఎక్కడ సున్నా ఉందో అక్కడికి వ్యాన్ మళ్లీ పంపాలి. అది వాళ్ల ప్లాన్.

అందుకని షరతును కౌంట్ లోపల పెట్టాలి. అప్పుడు ఊళ్లన్నీ ఉంటాయి, లెక్క మాత్రం షరతు ప్రకారం జరుగుతుంది. నేను రాసింది ఇది:

కౌంట్(డిస్టింక్ట్ కేస్ వెన్ ఆపరేషన్ = 'అయింది' థెన్ పేషెంట్_ఐడీ ఎండ్)

ఆపరేషన్ అయిన వరుసైతే పేషెంట్ నంబర్ ఇస్తుంది. కాకపోతే ఏమీ ఇవ్వదు. ఆ "ఏమీ లేకపోవడా"న్నే డేటాబేస్‌లో నల్ అంటారు. కౌంట్ నల్‌ని లెక్కలోకి తీసుకోదు. కాబట్టి ఇది పూర్తిగా సరైన క్వెరీ. నేను మొదట రాసింది సరైనదే, అదే నా బాధ.

మేం వాడేది మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్. అందులో ఇలాంటి క్వెరీ నడిపితే ఫలితంతో పాటు మెసేజెస్ ట్యాబ్‌లో ఒక హెచ్చరిక వస్తుంది. లెక్క కట్టేటప్పుడు నల్ విలువల్ని పక్కన పెట్టాను అని దాని సారాంశం. అది తప్పు జరిగిందని చెప్పడం లేదు, తను చేసింది చెబుతోందంతే. కానీ అయిదు నెలల ఉద్యోగికి 'వార్నింగ్' అన్న మాట కనపడితే ఆగుతుందా? క్లయింట్‌కి వెళ్లే రిపోర్ట్, లాగ్‌లో వార్నింగ్ ఉంటే బాగుండదనిపించింది. ఎండ్‌కి ముందు రెండు ముక్కలు చేర్చాను: ఎల్స్ 0.

వార్నింగ్ పోయింది. హాయిగా అనిపించింది.

ఆ ఎల్స్ 0 నాకు ఎక్కడ అలవాటైందో కూడా చెప్పాలి. బీటెక్ అయ్యాక అందరిలాగే అమీర్‌పేటలో కోర్సు చేశాను. వరుసల్ని షరతుతో లెక్కపెట్టడానికి అక్కడ ఒక పద్ధతి బాగా వంటబట్టింది: షరతు నిజమైతే 1, కాకపోతే 0, అన్నీ కలిపి సమ్ చెయ్. అక్కడ ఎల్స్ 0 పద్ధతైనదే. సున్నాను ఎన్నిసార్లు కలిపినా మొత్తం మారదు. ఆ అలవాటు చేతికి పట్టుకుని, సమ్ కాని చోట కూడా రాసేశాను.

కౌంట్‌కి సున్నా కూడా ఒక విలువే. కూడికలో బరువు లేని సున్నా, లెక్కపెట్టడంలో నిలువెత్తు మనిషి. ఆపరేషన్ కాని ప్రతి వరుసా ఇప్పుడు 0 ఇస్తోంది. డిస్టింక్ట్ ఆ సున్నాలన్నిటినీ కలిపి ఒకటిగా చేసింది. కౌంట్ ఆ ఒకటిని మిగతా పేషెంట్లతో కలిపేసింది. ప్రతి ఊళ్లోనూ ఆపరేషన్ కాని వరుస ఒక్కటైనా ఉంటుంది కదా, రిజిస్ట్రేషన్ వరుసే అలాంటిది. అంటే ప్రతి ఊరికీ సరిగ్గా ఒకరు ఎక్కువ. ఏడుగురున్న చోట ఎనిమిది. ఎవరూ లేని చోట ఒకటి.

రిపోర్ట్ పంపినప్పుడు మీటింగ్‌లో అందరూ సంతోషించారు. 42 ఊళ్లు, ఒక్క సున్నా కూడా లేదు. "జీరో విలేజ్ లేదంటే గొప్ప విషయం" అని క్లయింట్ వైపు సార్ అన్నారు. రెండో విడత వ్యాన్ ఖర్చు మిగిలిందన్నారు. నాకూ ఒక స్వీట్ బాక్స్ వచ్చింది. ఇంటికి తీసుకెళ్లి పంచాను కూడా.

తప్పు దొరికే అవకాశం ఒకటి నా చేతిలోనే ఉండింది. రిపోర్ట్ చివర మొత్తం లైన్‌లో 319 ఉంది. ఊళ్ల అంకెలన్నీ కూడితే 360. ఆ తేడా నేను గమనించాను. గమనించి, నాకు నేనే సర్దిచెప్పుకున్నాను: ఒకే మనిషి రెండు ఊళ్ల క్యాంపులకు వెళ్లి ఉంటే రెండుచోట్లా లెక్కకు వస్తారు, మొత్తంలో మాత్రం ఒక్కరే. కాబట్టి ఊళ్ల కూడిక ఎక్కువ రావచ్చు. ఈ సూత్రం నిజమే. విడివిడి మనుషుల లెక్కల్ని కూడితే మొత్తం రావాలని లేదు. కానీ నిజమైన సూత్రాన్ని అడ్డం పెట్టుకుని లెక్క చూడకుండా వదిలేశాను. తేడా 41. ఊళ్లు 42. మొత్తం లైన్‌లోనూ ఒక సున్నా మనిషి ఉన్నాడు కాబట్టి 41. ఇప్పుడు చూస్తే పెద్ద అక్షరాలతో రాసినట్టే ఉంటుంది.

ఫోన్ పెట్టేశాక ఎల్స్ 0 తీసేసి మళ్లీ నడిపాను. మొత్తం 318. ఊళ్ల కూడిక కూడా 318. రెండు క్యాంపులకు వెళ్లినవాళ్లు ఒక్కరూ లేరు. మూడు ఊళ్ల పక్కన సున్నా. పాత వార్నింగ్ తిరిగొచ్చి మెసేజెస్ ట్యాబ్‌లో కూర్చుంది.

మా టీమ్ లీడ్ దగ్గరకు వెళ్లి చెప్పాను. ఆయన క్వెరీ చూసి ఒక్క క్షణం ఏం మాట్లాడలేదు. తర్వాత, "పరమానందయ్య శిష్యులు ఏరు దాటాక లెక్కపెట్టుకుంటే ఒకడు తక్కువొచ్చాడు. నీకు ఒకడు ఎక్కువొచ్చాడు" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "క్లయింట్‌కి నువ్వే ఫోన్ చెయ్. ఇవాళే" అన్నారు.

చేశాను. ఆ సార్ కోప్పడలేదు గానీ, "అంటే ఆ మూడు ఊళ్లకూ మనం నెల నుంచీ వెళ్లలేదన్నమాట" అన్నారు. ఆ మాటకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. తర్వాత కోఆర్డినేటర్‌కి చేశాను. "ఆ ఒక్కరు ఎవరూ లేరండీ. నా లెక్క తప్పు" అన్నాను. ఆవిడ "హమ్మయ్య" అంది. నేను ఊహించని మాట. "ఎవరో ఆపరేషన్ చేయించుకుని, చుక్కలు వేసుకోకుండా చూపు పోగొట్టుకుంటున్నారేమోనని భయపడి చచ్చాను" అంది. నేను అంకె గురించి బాధపడుతుంటే, ఆవిడ లేని మనిషి కళ్ల గురించి దిగులుపడింది.

వ్యాన్ వెళ్లింది. తర్వాతి నెల రిపోర్ట్‌లో ఆ ఊరి పక్కన 6 వచ్చింది. పంపే ముందు ఆ ఆరుగురి పేర్లూ తీసి చదివాను.

ఆ తర్వాత ఉద్యోగాలు మారాను, డేటాబేస్‌లూ మారాయి. అన్నిచోట్లా ఇదే ప్రశ్న వేరే వేషంలో ఎదురైంది. ఎస్‌క్యూఎల్‌కి 1986 నుంచీ అధికారిక ప్రమాణం ఉంది. అయినా శ్రీకాకుళం తెలుగు, ఆదిలాబాద్ తెలుగు ఒకటే అయినట్టు ఒకటే. మాట అర్థమవుతుంది, యాస దగ్గర పొరపాటు పడతాం.

నాకు బాగా నచ్చింది పోస్ట్‌గ్రెస్ యాస. అందులో షరతును కౌంట్ బయటే విడిగా చెప్పొచ్చు:

కౌంట్(డిస్టింక్ట్ పేషెంట్_ఐడీ) ఫిల్టర్ (వేర్ ఆపరేషన్ = 'అయింది')

చదివితే మామూలు మాటలా ఉంటుంది. ఎల్స్ పెట్టడానికి చోటే లేదు, నాలాంటివాళ్లు చెడగొట్టే అవకాశమూ లేదు. ఈ ఫిల్టర్ 2003 ప్రమాణంలోనే ఉంది. పోస్ట్‌గ్రెస్‌లోకి 2014లో 9.4 వెర్షన్‌తో వచ్చింది. మీ ఫోన్‌లోని ఎన్నో యాప్‌లు లోపల వాడే ఎస్‌క్యూలైట్‌లోకి 2019లో వచ్చింది. మైఎస్‌క్యూఎల్‌లో, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మాత్రం కేస్ రాసుకోవాల్సిందే. ఎక్కడికి వెళ్తామో తెలియనప్పుడు, ఎల్స్ లేని కేస్ అన్నిచోట్లా చెల్లే నాణెం.

మైఎస్‌క్యూఎల్‌లో ఇఫ్ అనే పొట్టి దారి ఉంది. దానికి మూడు గళ్లు: షరతు, నిజమైతే ఏం, కాకపోతే ఏం. మూడో గడి ఖాళీగా వదలనివ్వదు, ఏదో ఒకటి రాయాలి. అక్కడ చెయ్యి మళ్లీ సున్నా వైపే వెళ్తుంది. నల్ అని రాయాలి.

గూగుల్ బిగ్‌క్వెరీలో కౌంట్‌ఇఫ్ ఉంది. పేరు చూసి మన పని అయిపోయిందనుకుంటాం. అది షరతు నిజమైన వరుసల్ని లెక్కపెడుతుంది, మనుషుల్ని కాదు. అందులో డిస్టింక్ట్ పెడితే ఇంకా వింత: 'నిజం' అనే విలువ ఎన్ని రకాలుందో లెక్కపెడుతుంది, అది ఒకటికి మించదు. అక్కడా కౌంట్ డిస్టింక్ట్ లోపల ఇఫ్ పెట్టడమే దారి. ఇక పాత మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో కౌంట్ డిస్టింక్ట్ అనేదే లేదు. ముందు వేర్వేరు పేర్ల లిస్టు ఒకటి తీసి, దాన్ని పైనుంచి మళ్లీ లెక్కపెట్టుకోవాలి.

ఇవన్నీ రాతలో తేడాలు. తప్పు రాస్తే చాలావరకు ఎర్రర్ వచ్చి దొరికిపోతాయి. ఎర్రర్ రాకుండా అంకె మార్చేసే తేడాలతోనే అసలు చిక్కు.

ఒక ఉద్యోగంలో ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి మారాం. కస్టమర్ల ఫోన్ నంబర్లను డిస్టింక్ట్‌తో లెక్కపెట్టే రిపోర్ట్ ఉండేది. మారాక ప్రతి బ్రాంచికీ ఒకటి చొప్పున పెరిగింది. ఆ 'ఒకటి' చూడగానే నాకు ఒళ్లు జలదరించింది. పాత మనిషి తిరిగొచ్చాడు! ఈసారి పేరు సున్నా కాదు, ఖాళీ. ఫోన్ నంబర్ లేనివాళ్ల గడిలో ఎవరో రెండు కోట్ గుర్తులు పెట్టి మధ్యలో ఏమీ రాయలేదు. ఒరాకిల్‌కి అలాంటి ఖాళీ మాట నల్‌తో సమానం, లెక్కలోకి రాదు. పోస్ట్‌గ్రెస్‌కి, మైఎస్‌క్యూఎల్‌కి ఖాళీ మాట కూడా ఒక మాటే. ఖాళీలన్నీ కలిసి ఒక కస్టమర్ అయ్యాయి. నల్‌ఇఫ్ అనే ఫంక్షన్‌తో ఆ ఖాళీల్ని నల్‌గా మార్చాక అంకెలు దారికొచ్చాయి.

ఇంకోటి అక్షరాల సంగతి. ఇంగ్లిష్‌లో పెద్దక్షరాలతో రాసిన రవి, చిన్నక్షరాలతో రాసిన రవి ఒకరేనా? మైఎస్‌క్యూఎల్ 8 మామూలు సెట్టింగ్‌లో ఒకరే అంటుంది. పోస్ట్‌గ్రెస్ ఇద్దరంటుంది. రెండూ తమ తమ నియమాల ప్రకారం కరెక్టే. 'ఎవరు ఎవరితో సమానం' అన్నది తేలకుండా 'ఎంతమంది' అన్న ప్రశ్నకు జవాబు లేదు.

అది డేటాబేస్ కూడా పూర్తిగా తేల్చలేదు. పల్లెల్లో ఇంటికంతటికీ ఒకే ఫోన్ ఉండొచ్చు. తాత, నాయనమ్మ, కోడలు ముగ్గురూ క్యాంపులో కొడుకు నంబరే చెప్తారు. ఫోన్ నంబర్‌తో లెక్కపెడితే ముగ్గురు ఒకరవుతారు. ఒకావిడకే రెండు క్యాంపుల్లో రెండు కార్డులు రాస్తే ఒకరు ఇద్దరవుతారు. దీనికి ఏ కంపెనీ దగ్గరా ఫంక్షన్ లేదు. అందుకు ఊళ్లో తిరిగే మనిషే కావాలి.

ఇప్పుడు రిపోర్ట్ ఏదైనా సరే, పంపే ముందు మూడు పనులు చేస్తాను. షరతు ఒక్కరికి కూడా వర్తించని గుంపును కావాలనే ఒకటి పెట్టి నడుపుతాను. అక్కడ సున్నా రావాలి. మాయం కాకూడదు, ఒకటి అవకూడదు. రెండోది, కూడికకీ మొత్తానికీ తేడా వస్తే కారణం ఊహించను, ఆ తేడా ఎవరెవరో లిస్టు తీస్తాను. మూడోది, ఒక అంకె ఎంచుకుని వెనకున్న పేర్లు బయటికి తీసి చదువుతాను. ఈ మూడోది ఏ కోర్సులోనూ నేర్చుకోలేదు. ఆ ఫోన్ నేర్పింది.

పోయిన వారం కొత్తగా చేరిన కుర్రాడు నా డెస్క్ దగ్గరకొచ్చాడు. "అక్కా, ఈ క్వెరీకి ప్రతిసారీ నల్ వార్నింగ్ వస్తోంది. ఎల్స్ 0 పెడితే పోతుంది, పెట్టేయనా?" అన్నాడు.

కుర్చీ లాగి కూర్చోమన్నాను. "పెట్టు. పెట్టి, ఏదో ఒక ఊరు తీసుకుని అందులో ఉన్నవాళ్ల పేర్లు నాకు చదివి వినిపించు" అన్నాను.